శరీర ధాతువు నుంచి ‘షరి’ వరకు: బోన్సాయ్ చెట్టుపై ఎండుకర్ర చరిత్ర

బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే వెలికితీసిన రాతి కరండాలపై ప్రాకృత శాసనాలు ఉన్నాయి. బుద్ధుని అస్థిధాతువులను నిక్షేపించేందుకు మంజూషను, స్ఫటిక సంపుటాన్ని సిద్ధం చేయించిన దాతల పేర్లు వాటిలో కనిపిస్తాయి. ఆ ధాతువులను సూచించేందుకు శాసనకర్త వాడిన మాట ‘శరీర’. తెలుగునేలపై ఈ అర్థంలో ఈ మాటకు లభించిన తొలినాటి లిఖిత సాక్ష్యాలలో అది ఒకటి. అదే మాట రూపం మార్చుకుని నేడు జపాన్‌లో వృక్షశిల్పుల నోట ‘షరి’గా వినిపిస్తుంది. కుండీలో పెంచే చిన్న చెట్టు కాండంపై బెరడు ఊడిపోయి, ఎముకవలె తెల్లబడిన ఎండుకర్రకు వారు పెట్టుకున్న పేరు అది.

ధాతుగర్భంలో దాచిన అస్థి ఒకచోట, చెట్టుపై బయటపడిన కర్ర మరొకచోట. ఈ రెండింటికీ ఒకే పేరు ఉండడం చూసి బోన్సాయ్ ఎండుకర్రను పూర్తిగా బౌద్ధ ధ్యాన సంప్రదాయపు సృష్టిగా భావించడం తేలిక. ప్రచార గ్రంథాలలో ఆ భావన తరచుగా కనిపిస్తుంది కూడా. అయితే మాట చరిత్ర, వస్తువు చరిత్ర ఎల్లప్పుడూ ఒకే దారిలో నడవవు. ‘షరి’ అనే పేరు బౌద్ధం ఇచ్చినది. ఆ పేరుగల పనితనం మాత్రం ప్రధానంగా కొండచరియలు, చెట్లు సేకరించేవారు, ఆధునిక కాలపు తోటలు కలిసి రూపొందించినది. ఈ రెండింటినీ విడదీసి చూసినప్పుడే వాటి మధ్య ఉన్న నిజమైన సంబంధం తెలుస్తుంది.

పదం చేసిన ప్రయాణం

‘శరీర’ అనే మాట ఏకవచనంలో దేహాన్ని, బహువచనంలో దహనానంతరం మిగిలిన ధాతువులను సూచించడం పాలి, ప్రాకృత వాఙ్మయంలో పరిపాటి. మహాపరినిబ్బాన సుత్తంలో ద్రోణుడు ఎనిమిది భాగాలుగా పంచినవి ఈ శరీరాలే. బౌద్ధ గ్రంథాలు చైనా భాషలోకి వెళ్ళినప్పుడు అనువాదకులు ఈ మాటను అర్థాన్ని బట్టి కాక ధ్వనిని బట్టి ‘షెలి’ అని రాసుకున్నారు. ఆ రెండు అక్షరాలను జపనీయులు ‘షరి’ అని చదివారు. శారిపుత్రుని పేరులోని ‘శారి’ని రాయడానికి కూడా ఇవే అక్షరాలు వాడారు గనుక, అవి కనిపించిన ప్రతిచోటా ధాతువుల ప్రస్తావన ఉందని అనుకోరాదు.

జపాన్‌లో ఈ మాట ఆలయం దాటి నిత్యజీవితంలోకి వచ్చింది. సుషి వండేవారు తెల్లని అన్నాన్ని ‘షరి’ అంటారు. మెతుకుల తెలుపు అస్థిధాతువులను పోలి ఉండడమే అందుకు కారణమని సాధారణంగా చెబుతారు. చెట్టు కాండంపై తెల్లబడిన కర్రకు ఆ పేరు రావడంలోనూ పోలికే పనిచేసింది. చైనాలోనూ ఇటువంటి కాండానికి అదే అక్షరాలతో కూడిన పేరు వాడుకలో ఉంది.

షరికి జంటగా వినిపించే మరో మాట ‘జిన్’. ఎండిన కొమ్మకు, ఎండిన చెట్టు కొనకు ఈ పేరు వర్తిస్తుంది. దీన్ని మన ‘జిన’ శబ్దంతో ముడిపెట్టకూడదు. దేవతను లేదా దివ్యశక్తిని తెలిపే అక్షరం ఇది, షింతో మతంలోని ‘కమి’ని రాసే అక్షరం కూడా ఇదే. ‘సబామికి’ అనే మూడవ మాట చీలి లోపల తొర్ర పడిన కాండాన్ని తెలుపుతుంది. ఒకే చెట్టుపై బౌద్ధ ధాతువు పేరు, దేవత పేరు, తోటపని మాట పక్కపక్కన నిలిచాయి. పనివారు తమకు అందుబాటులో ఉన్న భాషను వాడుకున్నారు. వారి పదజాలం నుంచి నేరుగా ఒక సిద్ధాంతాన్ని రాబట్టడం తొందరపాటు.

ప్రాచీన ఆధారాలు చెప్పేవి, చెప్పనివి

పళ్ళెంలో రాళ్ళతో, చిన్న మొక్కలతో ప్రకృతిని అమర్చడం చైనాలో తాంగ్ వంశకాలం నాటికే ఉంది. షాన్‌షీ రాష్ట్రంలోని చియాన్‌లింగ్ సమాధుల సముదాయంలో యువరాజు లీ షియాన్ సమాధి ఉంది. 706లో నిర్మించిన ఆ సమాధి గోడపై, అటువంటి పళ్ళాన్ని చేత పట్టుకున్న పరిచారిక చిత్రం కనిపిస్తుంది. కాలం నిశ్చయంగా తెలిసిన ఆధారం గనుక దీని విలువ ఎక్కువ. అయితే ఆ పళ్ళెంలో ఉన్నవి పచ్చని మొక్కలు, రాళ్ళు మాత్రమే.

జపాన్‌లో 1309 నాటి ‘కసుగ గొంగెన్ గెంకి’ చిత్రపటంలో కుండీలలోని చిన్న చెట్లు, రాళ్ళ అమరికలు దర్శనమిస్తాయి. అదే యుగంలో జీవించిన కొకాన్ షిరెన్ (1278–1346) రింజాయ్ జెన్ భిక్షువు. 1322లో జపాన్ బౌద్ధ చరిత్రను సంకలనం చేసినవాడు ఆయనే. పళ్ళెంలో అమర్చిన రాళ్ళపై ఆయన ఒక గద్యపద్య రచన చేశాడు. జెన్ మఠాలకు ఈ కళతో ఉన్న పరిచయానికి అది బలమైన సాక్ష్యం. కాని ఆయన దృష్టి ప్రధానంగా రాళ్ళపైనే నిలిచింది. చెట్టు బెరడు ఒలిచి కర్రను తెల్లబరచే పనితనాన్ని ఆ రచనకు అంటగట్టలేము. ‘హాచి నో కి’ అనే నో నాటకంలో ఒక పేద యోధుడు, మంచు కురిసే రాత్రి అతిథిగా వచ్చిన భిక్షువు చలి కాచుకునేందుకు తన కుండీలలోని రేగుజాతి పూలచెట్టును, చెర్రీని, పైన్‌ను పొయ్యిలో పెడతాడు. ఆ కథలో చెట్ల విలువ వాటి ప్రాణంలోనూ, యజమాని త్యాగంలోనూ ఉంది.

ఎండిన చెట్టుపై మక్కువ మాత్రం తూర్పు ఆసియాలో చాలా పాతది. సోంగ్ వంశకాలపు పండితకవి సు షి (1037–1101) ఎండిన చెట్టును, రాతిని కలిపి చిత్రించడంలో పేరు పొందాడు. చాన్ సంప్రదాయంలోనూ ఈ ఉపమానం ఉంది. 9వ శతాబ్దంలో షిషువాంగ్ చింగ్‌జు శిష్యులు కదలక మెదలక ధ్యానంలో కూర్చునేవారు. అందువల్ల వారికి ‘ఎండుమోడుల సంఘం’ అని పేరు వచ్చింది. ఇది చిత్రకళలోని అభిరుచి, ధ్యానశాలలోని పోలిక. ఇవి తరువాతి కాలపు వృక్షశిల్పికి ఒక సౌందర్య వారసత్వాన్ని ఇచ్చి ఉండవచ్చు. కాని మఠంలోని ఉపమానం కుండీలోని చెట్టుగా మారిందని చెప్పాలంటే మధ్యలోని మెట్లు చూపవలసి ఉంటుంది.

ఈ సందర్భంలో మన దేశంలో వినవచ్చే ఒక వాదాన్నీ గుర్తుచేసుకోవాలి. ‘వామనవృక్ష కళ’ భారతదేశంలో పుట్టిందనీ, బౌద్ధ భిక్షువులు దాన్ని చైనాకు తీసుకువెళ్ళారనీ ఆ వాదం. అమరావతి ఫలకాలలో వేదికల నడుమ బోధివృక్షం కనిపిస్తుంది నిజమే. కాని ఆ వేదిక పూజనీయ స్థలానికి కట్టిన ప్రాకారం, మొక్కను నాటిన పాత్ర కాదు. శిల్పి ఫలకపు కొలతకు చెట్టును కుదించి చెక్కడం వేరు, సజీవమైన చెట్టును కుదించి పెంచడం వేరు. కాలం నిర్ణయించదగిన సాక్ష్యం లేకుండా గౌరవం కోసం చెప్పే మాట చరిత్రకు బలం కాదు, భారం.

కొండచరియల జూనిపర్

ఎండుకర్ర ప్రధానాకర్షణగా నిలిచే బోన్సాయ్‌లో అగ్రస్థానం ‘షింపాకు’ది. జూనిపర్ జాతికి చెందిన ఈ చెట్టు జపాన్ పర్వతాలలో రాతిచీలికల మధ్య పెరుగుతుంది. మంచు బరువుకు కొమ్మలు విరుగుతాయి, జారిపడే రాళ్ళు బెరడును చీలుస్తాయి, గాలి ఒకవైపు చిగుళ్ళను ఎండబెడుతుంది. జూనిపర్ చెట్టులో ఒక్కొక్క వేరు ప్రధానంగా తనకు నేరుగా పైనున్న కాండపు భాగానికే నీరు అందిస్తుంది. అందువల్ల ఒక వేరు చనిపోతే దాని పైనున్న బెరడు పట్టీ మాత్రమే చనిపోతుంది. మిగిలిన పట్టీ పెరుగుతూనే ఉంటుంది. కొన్ని వందల ఏళ్ళు గడిచేసరికి తెల్లని ఎండుకర్రను చుట్టుకుని ఎర్రని బెరడుగల ఒక్క జీవధార మాత్రమే పైకి సాగే చెట్టు ఏర్పడుతుంది.

షికొకు ద్వీపంలోని ఇషిజుచి పర్వతం, నీగాత ప్రాంతంలోని ఇతోయిగావ సున్నపురాతి కొండలు ఈ చెట్లకు పేరు పొందాయి. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వీటికి గిరాకీ బాగా పెరిగింది. సేకరించేవారు తాళ్ళకు వేలాడుతూ నిట్టనిలువు చరియలపై నుంచి చెట్లను పెకలించి తెచ్చారు. ఆ పనిలో ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. కొద్ది తరాలలోనే కొండలపై పెద్ద చెట్లు అరుదైపోయాయి. నేడు ప్రదర్శనశాలలో ఒక షింపాకు ముందు నిలిచి అనిత్యతను గురించి ఆలోచించే వ్యక్తి, ఆ చెట్టు అక్కడికి చేరడం వల్ల కొండపై ఏర్పడిన ఖాళీని కూడా తలచుకోవలసి ఉంటుంది.

ఈ చెట్లు తోటలకు చేరినప్పుడు వాటి ఎండుకర్ర అప్పటికే సిద్ధంగా ఉంది. దాన్ని కొట్టివేయకుండా శుభ్రపరచి, జీవధారకు ఎదురుగా నిలబెట్టి చూపడం నేర్చుకోవడమే తోటలవారి తొలి పాఠం. కొండ చేసిన పనిని చూసి, అది లేని చెట్లపై చేతితో చేయడం ఆ తరువాతి దశ.

చేవ అనే సాక్షి

సజీవమైన ప్రతి పెద్ద చెట్టులోనూ మృతభాగం ఉంటుంది. బెరడుకు దిగువన ఉండే పలుచని పొర మాత్రమే కొత్త కణాలను పుట్టిస్తుంది. దాని లోపలి లేత కలప నీటిని మోస్తుంది. మరింత లోపలి భాగం క్రమంగా తన పని ముగించి, రెసిన్లతో నిండి గట్టిపడుతుంది. తెలుగువారు దాన్ని ‘చేవ’ అంటారు. అందులోని కణాలు జీవించి లేవు, అయినా చెట్టును నిలబెట్టే బలం అదే. షరిలో చివరకు మిగిలేది కూడా ఈ చేవే. బెరడు ఊడిన చోట లేత కలప ముందుగా శిథిలమవుతుంది, చేవ నిలుస్తుంది.

బౌద్ధ వాఙ్మయంలో చేవకు విశిష్టస్థానం ఉంది. దేవదత్తుడు సంఘాన్ని వీడిన కొద్దికాలానికి గృధ్రకూటంపై బుద్ధుడు చెప్పిన మహాసారోపమ సుత్తంలో, చేవ కోసం అడవికి వెళ్ళి మరొకటి పట్టుకువచ్చే మనిషి ఉపమానం ఉంది. అక్కడ లాభసత్కారాలు కొమ్మలు, ఆకులు. శీలం పైబెరడు, సమాధి లోపలి బెరడు, జ్ఞానదర్శనం లేత కలప. చలించని చిత్తవిముక్తి ఒక్కటే ‘సారం’, అంటే చేవ. పాలిలో సార శబ్దం చేవకూ సారాంశానికీ కలిపి వాడినట్లే, తెలుగులో చేవ కలపకూ మనిషి సత్తాకూ కలిపి వాడతారు.

ఈ సుత్తం నుంచి షరి పుట్టిందని చెప్పడానికి వీలులేదు. అయినా పైపొరలు తొలగినప్పుడు మిగిలేది ఏమిటన్న ప్రశ్న రెండింటిలోనూ ఉంది. భిక్షువుకు ఆ పోలిక ధ్యానానికి పనికివస్తుంది. చరిత్రకారుడు దాన్ని పోలికగానే నమోదు చేయాలి. ఈ హద్దును పాటించినప్పుడు పోలిక విలువ తగ్గదు.

చేయి, కాలం కలిసి చేసే పని

ఎండుకర్రను తీర్చడం ఒక రోజులో ముగిసే పని కాదు. జిన్ చేయదలచిన కొమ్మ మొదలులో ముందుగా బెరడును చుట్టూ కోస్తారు. ఆపై బెరడు ఒలిచి, పట్టకారుతో కొనను నలిపి, నారలను వాటి వాలును బట్టి లాగి చీలుస్తారు. కత్తితో నున్నగా కోసిన కొన చేతిపని అని చెప్పకనే చెబుతుంది. నార వెంట చీలిన కొన గాలికి విరిగినట్లు కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ నైపుణ్యం కర్రకు ఒక ఆకారాన్ని విధించడంలో లేదు, కర్ర ఏ వైపు చీలుతుందో కనిపెట్టడంలో ఉంది.

షరి విషయంలో మరింత ఓర్పు కావాలి. ఏ వేరు ఏ కొమ్మకు నీరు అందిస్తున్నదో ముందుగా గుర్తించాలి. తొందరపడి జీవధారను తెంపితే దాని పైనున్న కొమ్మ ఎండిపోతుంది. అందుకే మొదట సన్నని పట్టీ మేరకే బెరడు తీస్తారు. చెట్టు కోలుకున్నాక, కొన్నేళ్ళ వ్యవధిలో, ఆ పట్టీని కొద్దికొద్దిగా వెడల్పు చేస్తారు. ప్రతిసారీ గాయపు అంచున సజీవ కణజాలం ఉబ్బి గుండ్రబడుతుంది. అలా ఏటా పెరిగే జీవధార ఉబ్బెత్తుగా లేచి, ఎండుకర్ర దాని పక్కన లోతుగా కనిపిస్తుంది. ఆ లోతు ఉలితో వచ్చినది కాదు. పక్కనున్న ప్రాణం పెరగడం వల్ల ఏర్పడినది.

తరువాత వచ్చేది సంరక్షణ. తేమ, శిలీంధ్రం, నాచు ఎండుకర్రకు శత్రువులు. కుంచెతో శుభ్రపరచిన కర్రపై సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణాన్ని పూస్తారు. పూసినప్పుడు పసుపుపచ్చగా ఉండి, ఎండకు క్రమంగా తెల్లబడుతుంది. ఆ తెలుపు మరీ కొట్టొచ్చినట్లు ఉంటే ద్రావణంలో కొద్దిగా నల్లసిరా కలుపుతారు. మట్టిని తాకే మొదలు భాగం అన్నిటికన్నా ముందు చివుకుతుంది గనుక అక్కడ గట్టిపరచే రెసిన్లు వాడేవారూ ఉన్నారు. మర్రి, రావి జాతుల మెత్తని కలప ఈ పనికి నిలవదు. గట్టి చేవ ఉన్న చింత వంటి చెట్లలోనే మన వాతావరణంలో కొంత అవకాశం ఉంటుంది.

తోటల నుంచి ప్రదర్శనశాలకు

1923 సెప్టెంబరు 1న సంభవించిన కాంతో భూకంపం టోక్యో నగరాన్ని ధ్వంసం చేసింది. ఆ తరువాత కొందరు బోన్సాయ్ పెంపకందారులు విశాలమైన స్థలం, మంచి నీరు, మట్టి వెతుక్కుంటూ ఉత్తరాన ఉన్న ఒమియాకు తరలివెళ్ళి 1925లో బోన్సాయ్ గ్రామాన్ని స్థాపించారు. 1934లో టోక్యోలోని ఉఎనోలో ‘కొకుఫు’ ప్రదర్శన మొదలైంది. దానితో కుండీలోని చెట్టు లలితకళగా ప్రజల ముందుకు వచ్చింది. ఆ ప్రదర్శనల చిత్రసంపుటాలు పరిశోధకునికి అపురూపమైన ఆకరాలు. ఒకే చెట్టు కొన్ని దశాబ్దాల తేడాతో వాటిలో కనిపించినప్పుడు, జీవధార ఎంత లావెక్కిందో, ఏ జిన్ విరిగిపోయిందో పోల్చి చూడవచ్చు.

1940లో జన్మించిన మసాహికో కిమురా ఈ రంగంలో పెద్ద మలుపు తెచ్చాడు. విద్యుత్ పరికరాలతో చెక్కుతూ, కొండనుంచి వచ్చిన షింపాకుల ఎండుకర్రలో అలలవంటి, జ్వాలలవంటి రూపాలు తీశాడు. కొందరు దాన్ని అపూర్వ ప్రతిభగా కొనియాడారు. ప్రకృతి వందల ఏళ్ళలో చేసిన గుర్తులను యంత్రం గంటలలో చెరిపివేస్తుందని మరికొందరు ఆక్షేపించారు. శిల్పాల పునరుద్ధరణలో పురావస్తు శాఖలు ఎదుర్కొనే ప్రశ్నే ఇది. ఏ పొర అసలుది, ఏది తరువాతి చేతిపని, ఆ తేడా చూసేవారికి తెలియాలా వద్దా?

‘తనుకి’ అనే పద్ధతి ఈ ప్రశ్నను మరింత స్పష్టం చేస్తుంది. ఎక్కడో దొరికిన పాత ఎండుకర్రకు గాడి తీసి, అందులో లేత జూనిపర్ మొక్కను అమర్చి, రెండూ ఒకే చెట్టుగా కనిపించేటట్లు పెంచడమే తనుకి. జపనీయ జానపద కథలలో వేషాలు మార్చి మనుషులను ఏమార్చే జంతువు పేరు దీనికి పెట్టారు. చూపుకు అది అందంగానే ఉండవచ్చు. కాని అక్కడ ఎండుకర్ర అనుభవించిన కాలం వేరు, పచ్చని కొమ్మ అనుభవించిన కాలం వేరు. ఆ సంగతి దాచి చూపితే అది మోసం, చెప్పి చూపితే ఒక ప్రక్రియ. సంప్రదాయం అభ్యంతరపెట్టినది అబద్ధపు వయస్సుకే.

జపాన్ వెలుపల జరిగిన ఒక ప్రయత్నం మరో మార్గాన్ని చూపుతుంది. అమెరికాలో జన్మించిన జాన్ నాకా (1914–2004) 1948లో మొదలుపెట్టిన జూనిపర్లు క్రమంగా 11 చెట్ల చిన్న అడవిగా రూపొందాయి. ‘గోషిన్’ అని పేరుగల ఆ అడవిలో చెట్ల కొనలు జిన్‌లుగా తెల్లబడి నిలుస్తాయి. 1984లో దాన్ని వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానానికి అప్పగించారు. నిర్మాత మరణించాక కూడా సంరక్షకులు దాని కొమ్మలు కత్తిరిస్తూ, కర్రను శుభ్రపరుస్తూ ఉన్నారు. ఎవరు, ఎప్పుడు, ఏది చేశారన్నది తెలిసిన చెట్టు గనుక దాని వయస్సు ఊహకు వదిలినది కాదు.

వారసత్వ పరిరక్షణకు ఒక సూచన

షరి ఉన్న చెట్టు ఒకే సమయంలో రెండు ధర్మాలను కోరుతుంది. దాని మృతభాగాన్ని పురావస్తువువలె కాపాడాలి: శుభ్రపరచాలి, తేమ తగలకుండా చూడాలి, ఉన్నదాన్ని ఉన్నట్లు నిలపాలి. సజీవభాగాన్ని మాత్రం ఉన్నట్లు నిలపడం సాధ్యం కాదు. దానికి నీరు పోయాలి, కొత్త మట్టి వేయాలి, పెరిగినదాన్ని కత్తిరించాలి. ఒకదానికి మార్పు ప్రమాదం, మరొకదానికి మార్పు ఆగడమే మరణం. పూజలు జరుగుతున్న విహారాలు, భక్తులు నీరు పోసే బోధివృక్షాలు, పండుగలు జరిగే స్తూపక్షేత్రాలు కూడా ఇటువంటివే. అక్కడ రాతికీ ఆచారానికీ ఒకే నియమం వర్తింపజేస్తే రెండింటిలో ఏదో ఒకటి దెబ్బతింటుంది. వాటి సంరక్షణ ప్రణాళిక ఏది మార్చరానిది, ఏది ఆపరానిది అన్న విభజనతో మొదలు కావాలి. జరిగిన ప్రతి పనికీ తేదీతో కూడిన నమోదు ఉండాలి.

భట్టిప్రోలులో ‘శరీరం’ రాతి కరండంలో, స్ఫటిక సంపుటంలో కంటికి కనబడకుండా భద్రమైంది. దాని మహిమకు ఆధారం లోపల ఉన్నదన్న విశ్వాసం, బయట ఉన్న అక్షరం. బోన్సాయ్‌లో ‘షరి’ ఎండకు, గాలికి ఎదురుగా నిలిచి ఉంది. దాని గౌరవానికి ఆధారం అది అనుభవించిన కాలం. ధాతువుకు శాసనం ఎటువంటిదో చెట్టుకు సంరక్షకుని దస్తావేజు అటువంటిది. అక్షరం లేని ధాతువును ఎవరిదని అడిగితే జవాబు దొరకదు. నమోదు లేని షరిలో కొండ చేసిన పని ఎంత, చేయి చేసిన పని ఎంత అని అడిగినా అంతే.